నార ఆగిన చోట

ఖమ్మము నుండి కొత్తగూడెము, పాల్వంచల మీదుగా భద్రాచలమునకు పోవువానికి గోదావరి కనబడకముందే అడవి కనబడును. టేకు, ఇప్ప, తునికి చెట్ల నడుమ వెదురు పొదలు. ఆ వెదురును నమ్ముకొని బ్రతుకు మేదరి కుటుంబములు ఈ యడవి యంచున నున్న ఊళ్ళలో నేటికిని గలవు. బుట్ట, చాట, తట్ట, తడిక, ఏది యల్లినను ఆ యల్లికలో ఒక సంగతి చూడదగియున్నది. చేతిలోని బద్ద అయిపోవచ్చినప్పుడు మేదరి క్రొత్త బద్దను పాతదాని కొనకు ముడివేయడు, జిగురుతో అంటింపడు. పాత బద్ద ఇంకను నాలుగైదు నిలువు బద్దల మేర మిగిలియుండగనే క్రొత్తదానిని దానిపై పరచి, రెంటిని కలిపి అల్లుకొనిపోవును. కొనలు మందముగా నున్నచో కత్తితో పలుచన చేయును. అట్లు చేయని బుట్ట బరువు పడినంతనే అతుకు చోట విచ్చుకొనును. ఈ సంగతి మేదరికి తరతరములుగా తెలియును. విమానములు కట్టు ఇంజనీరులకును తెలియును. వారు గత నలుబది సంవత్సరములుగా ఈ చిక్కుతోనే పెనగులాడుచున్నారు.

వెదురు ప్రకృతి చేసిన మిశ్రమ పదార్థము. సెల్యులోజు పోగులు బోదె పొడవునా సాగియుండును. వానిని కూర్చి పట్టియుంచునది లిగ్నిను మొదలగు బంధక ద్రవ్యము. పోగులు పైబెరడు వైపు దట్టముగాను, లోపలి వైపు పలుచగాను ఉండును. ఇద్దరు మనుష్యులు చెరియొక కొన పట్టుకొని ఎంత లాగినను పచ్చి వెదురు బద్ద తెగదు; అదే బోదె కొనపై కత్తి నుంచి ఒక్క దెబ్బ కొట్టిన కణుపు వఱకు నిలువునా చీలును. బలమంతయు పోగుల వెంట నడచునే గాని పోగులకు అడ్డముగా నడువదు. అడ్డముగా నున్నది బంధకపు బలమే. అది మిక్కిలి స్వల్పము.

వెదురునకు వేఱొక గుణమును గలదు. వంకర పోయిన వెదురును నిప్పుసెగపై మెల్లగా కాచి, మెత్తబడినంతనే మోకాలికి అదిమి సరిచేసి చల్లారనిచ్చినచో అది ఆ రూపముననే నిలుచును. పోగులు సెగకు కరగవు. వానిని పట్టియున్న లిగ్నిను మెత్తబడి లొంగును, చల్లారి బిగియును. నేటి శాస్త్రజ్ఞులు నారతో బలపరచిన థెర్మోప్లాస్టిక్కు అని పిలుచు పదార్థమునకు వెదురు ఇంచుమించు పూర్వరూపమే యనవచ్చును. సారపాకలో గోదావరి యొడ్డున 1979 నుండియు నడచుచున్న కాగితపు అట్టల మిల్లులో జరుగునది దీనికి తలక్రిందుల పని. కఱ్ఱను ఉడికించి లిగ్నినును తొలగించి, పోగులను మాత్రము నీటిలో తేల్చి పొరగా పరతురు. ఆ పోగులను నిలుపునది ఉదజని బంధములు మాత్రమే; కనుకనే తడిసిన అట్ట బలము వీడును.

థెర్మోప్లాస్టిక్కు అనగానేమో తెలియుటకు కుమ్మరి కుండను, లక్కను ప్రక్కప్రక్కన పెట్టిచూచిన చాలును. కుండ ఒకమారు ఆవములో కాలిన పిమ్మట మరల మట్టి కాదు. పగిలినచో పెంకు మాత్రమే మిగులును. లక్క అట్లుగాదు. సెగ చూపిన మెత్తబడును, చల్లారిన గట్టిపడును, మరల సెగ చూపిన మరల మెత్తబడును. కత్తి తోకను పిడిలో బిగించుటకు మన పల్లెలలో లక్కను కరగించి పోయుట పూర్వము నుండియు గలదు. ప్లాస్టిక్కులలోను ఈ రెండు జాతులు గలవు. పడవలకు, నీళ్ళ తొట్లకు వాడు పాలియెస్టరు, ఎపాక్సీ రెసినులు కుండ జాతివి. ఒకమారు బిగిసినచో తిరిగి కరగవు. బిందెకు వాడు పాలిథీను, బకెట్టునకు వాడు పాలిప్రొపిలీను, త్రాటికి వాడు నైలాను లక్క జాతివి. విమానములకు వాడు పీక్, పీపీఎస్ అను ఖరీదైన ప్లాస్టిక్కులును ఈ జాతివే. పాలిప్రొపిలీను సుమారు 165 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద కరగును. పీక్ కరగవలెనన్న 343 డిగ్రీలు కావలెను. ఇట్టి ప్లాస్టిక్కులో గాజు పోగులనో, వెండ్రుకలో పదవవంతు లావైనను లేని కార్బను పోగులనో పరచి అదిమినచో ఉక్కుతో పోటీపడు బలము, ఉక్కులో అయిదవవంతు బరువు గల పలక తయారగును.

ఈ తేలికదనపు విలువ మన రాష్ట్రములలో తెలియని విషయము కాదు. హైదరాబాదులోని రక్షణ పరిశోధన ప్రయోగశాలలో క్షిపణుల కొఱకు సిద్ధమైన తేలిక పదార్థమును చూచి నిజాము వైద్య విజ్ఞాన సంస్థకు చెందిన ఒక ఎముకల వైద్యుడు, పోలియో సోకిన పిల్లలు కాళ్ళకు తొడుగు ఇనుప ఊతములను దానితో చేయరాదాయని అడిగిన సంగతిని అబ్దుల్ కలాముగారు పలుమారులు చెప్పియున్నారు. మూడు కిలోల ఊతము మూడువందల గ్రాములకు దిగినదని ఆయన చెప్పెడివారు.

ఇక చిక్కు ఎక్కడ వచ్చుననగా, ఒకే పలకతో ఏ వస్తువును పూర్తికాదు. రెక్కకు పైపొర యుండును, లోపల అడ్డుపట్టెలుండును, వానిని కలుపవలెను. మునుపటి వలె రంధ్రములు చేసి రివెట్లు దిగగొట్టినచో, ప్రతి రంధ్రమును వందలాది పోగులను త్రెంచును. బుట్టకు మేకు కొట్టిన మేదరిని ఎవరైన చూచినారా? జిగురుతో అంటింపవచ్చును గాని, పీక్ వంటి ప్లాస్టిక్కునకు జిగురు సులభముగా పట్టదు; పట్టినను అది బిగియుటకు గంటల కాలము కావలెను. లక్క జాతికి గల వరమేమనగా, రెండు ముక్కల ముఖములను కరగించి ఒకదానితో నొకటి అదిమి చల్లార్చినచో అవి తమంతట తామే కలిసిపోవును. దీనినే ప్లాస్టిక్ వెల్డింగు అందురు. ఇందుకు రంధ్రము వలదు, జిగురు వలదు, కాలమును స్వల్పమే.

మన సంతలలో ఈ విద్య చిరకాలముగా నున్నదే. పగిలిన బిందెలకు, బకెట్లకు అతుకులు వేయువాడు ఇనుపకడ్డీని బొగ్గులపై కాల్చి, పగులుపై ప్లాస్టిక్కు ముక్క నుంచి, రెంటిని కరగించి కలుపును. ఆ యతుకులలో కొన్ని ఏండ్ల తరబడి నిలుచును, కొన్ని ఇల్లు చేరకముందే ఊడును. ఊడినవానిని పరిశీలించినచో కారణము తరచుగా ఒకటే. పాలిథీను బిందెకు పాలిప్రొపిలీను ముక్క వేయబడియుండును. చూపునకు ఆ రెండును ఒకటే. లోపలి అణువులు మాత్రము ఒకదానితో నొకటి కలియవు.

కలియుట యనగా నేమి? ప్లాస్టిక్కులోని అణువులు మిక్కిలి పొడవైన గొలుసులు. కరగిన స్థితిలో ఆ గొలుసులు చిక్కుపడియున్న పాముల వలె తమ తమ సందులలో ముందునకు వెనుకకు ప్రాకుచుండును. ఈ ప్రాకుడును 1971లో గణితముగా వివరించిన ఫ్రెంచి భౌతిక శాస్త్రజ్ఞుడు పియర్ జిల్ ద జెన్, ఇట్టి పరిశోధనలకే 1991లో నోబెల్ బహుమానము నందెను. రెండు కరగిన ముఖములు తాకినప్పుడు ఈవలి గొలుసు కొన ఆవలికి, ఆవలిది ఈవలికి ప్రాకి, చిక్కుపడి, చల్లారిన పిమ్మట విడదీయరానిదగును. ఇందు ఆసక్తికరమైన లెక్క యొకటి గలదు. పూర్తిగా కలిసిపోవువఱకు అతుకు బలము కాలము యొక్క నాలుగవ మూలముతో పెరుగును. అనగా బలము రెట్టింపు కావలెనన్న కాలము పదునాఱు రెట్లు కావలెను. అంచులు సరిగా కరగకముందే చేయి తీసిన అతుకులవాని తొందరపాటు ఎంత ఖరీదైనదో దీనిని బట్టి ఊహింపవచ్చును.

విమానపు పలకలకు ఇనుపకడ్డీ చాలదు గనుక మూడు మార్గములు వాడుకలోనికి వచ్చినవి. రెండు పలకల నడుమ సన్నని ఉక్కు జాలిని పెట్టి విద్యుత్తు ప్రవహింపజేయుట యొకటి. జాలి కాగి చుట్టునున్న ప్లాస్టిక్కును కరగించును, పని ముగిసిన పిమ్మట అతుకులోనే శాశ్వతముగా నుండిపోవును. తీగచుట్టను పైన త్రిప్పుచు, కార్బను పోగులలోనే విద్యుత్తు సుడులు పుట్టించి వేడిచేయుట రెండవది. అడ్డపోగు, నిలువుపోగు కలిసిన నేతలో ఇది బాగుగా పనిచేయును. సెకనునకు 20,000 పర్యాయములు కంపించు ముద్దను పైనుంచి నొక్కి, రాపిడితో కరగించుట మూడవది. ఇందు పని సాధారణముగా కొద్ది సెకనులలోనే ముగియును.

ఇంతవఱకు విన్నవారికి, అతుకు మూలపదార్థము వలెనే యగును గదా, ఇక భయమేమి యని తోచును. అసలు విషయ మిక్కడనే యున్నది. కరగినది ప్లాస్టిక్కు మాత్రమే, పోగులు కరగలేదు. గొలుసులు హద్దు దాటినవి గాని పోగు ఒక్కటియు దాటలేదు. పై పలకలోని నార పై పలకలోనే ఆగినది, క్రింది పలకలోనిది క్రిందనే ఆగినది. వాని నడుమ నున్నది ఒట్టి బంధకపు పొర. ఎంత గొప్పగా వెల్డింగు చేసినను ఆ చోట పలక బలము రాదు. బంధకపు బలమే వచ్చును.

లెక్క చూచినచో తేడా స్పష్టపడును. ఒకే దిశలో కార్బను పోగులు పరచిన పీక్ పలక పోగుల వెంట చదరపు సెంటీమీటరునకు సుమారు 20 టన్నుల లాగుడును ఓర్చును. రెండు పలకలను ఒకదానిపై నొకటి పరచి చక్కగా వెల్డింగు చేసిన అతుకు, పలకలు ఒకదానిపై నొకటి జారజూచు బలమునకు, చదరపు సెంటీమీటరునకు సుమారు 300 నుండి 500 కిలోల వఱకే నిలుచును. సెంటీమీటరు వెడల్పు, మిల్లీమీటరు మందము గల పట్టె మోయగల బరువు రెండు టన్నులు. 400 కిలోల చొప్పున అతుకు ఆ బరువు మోయవలెనన్న అయిదు సెంటీమీటర్ల మేర పరచినచో చాలునని బడి పిల్లవాడైనను చెప్పును.

అయితే అతుకు ఆ పిల్లవాని లెక్కను వినదు. పరచిన మేర యంతయు బరువును సమానముగా పంచుకొనదు. బరువు రెండు కొనల యందే గుమిగూడును. నడిమి భాగము దాదాపు ఊరకుండును. 1938లో వోల్కర్సెన్ అను జర్మను శాస్త్రజ్ఞుడు దీనిని లెక్కగట్టెను. ఒకదానిపై నొకటి పరచిన పలకలను లాగినప్పుడు రెండు లాగుడులును ఒకే గీతపై నుండవు గనుక అతుకు వంగి, కొనలవద్ద పొర ఒలుచు బలము పుట్టునని 1944లో అమెరికాలో గోలండ్, రైస్నర్ అనువారు చూపిరి. జారుడును ఓర్చు బంధకము ఒలుపును ఓర్వలేదు. అరటి దొప్పను అడ్డముగా లాగి చూడుడు, కొన పట్టుకొని ఒలిచి చూడుడు, భేదము తెలియును. అందుచేత పరచిన మేరను రెట్టింపు చేసినను బలము రెట్టింపు కాదు. కొనలను వాలుగా చెక్కి పలుచన చేసినచో మాత్రము ఒలుపు తగ్గును. మేదరి కత్తి చేయు పని యిదియే.

నార హద్దు దాటినచో కలుగు మేలును తెలిసికొనుటకు కఱ్ఱ వెల్డింగు మంచి నిదర్శనము. ఫ్రాన్సులోని ఎపినాల్‌లో ఆంటోనియో పిజ్జీ, ఆయన సహచరులు రెండు కఱ్ఱముక్కలను జిగురు లేకయే ఒకదానిపై నొకటి సెకనునకు నూఱు పర్యాయముల చొప్పున రాపిడి చేసి అదిమి అతికించిరి. కొద్ది సెకనులలోనే లిగ్నిను మెత్తబడి కరగును. విడివడిన కఱ్ఱపోగులు ఆ కరగిన ద్రవ్యములో చిక్కుపడును. చల్లారినంతనే అతుకు సిద్ధము. పొడిగా నున్నంత కాలము అది కుర్చీలకు, బల్లలకు చాలునంత గట్టిది. నీటిలో నానినచో మాత్రము బలము కోల్పోవును. వర్షమునకు గురియగు పనులకు దానిని వాడకుండుటకు కారణ మిదియే.

దీనికి విపరీతమును ప్రతి యింటను చూడవచ్చును. నైలాను త్రాడు కొన విచ్చుకొనకుండ అగ్గిపుల్లతో కాల్చుట అందఱు చేయు పనియే. అక్కడ ఏర్పడు గట్టి ముద్ద త్రాటి కన్న బలమైనదని పలువురి భ్రమ. నిజమునకు ఆ ముద్ద కేవలము ప్లాస్టిక్కు. వరుసగా నిలిచిన అణువులు కరగి చెదరిపోయినవి, నార నశించినది. రెండు త్రాళ్ళ కొనలను అట్లు కరగించి కలిపి లాగినచో పుటుక్కున ఊడివచ్చును. కార్బను, గాజు పోగులు ఆ వేడికి కరగవు గనుక పలకలకు ఈ యాపద లేదు గాని వేఱొకటి గలదు. అదిమియుంచకుండ వేడిచేసినచో పలకలోని పొరలు ఉబ్బి, లోపల గాలి బుడగలు పుట్టును. జాలితో చేయు వెల్డింగులో అంచులు ముందుగా కాగిపోవును, నడిమి చల్లగా మిగులును. అంచును చూచి ఆపినచో నడిమి అతకదు, నడిమిని చూచి సాగించినచో అంచు మాడును. నైలాను గాలిలోని తేమను బాగుగా పీల్చును. ఆరబెట్టని పలకను వెల్డింగు చేసినచో ఆ తేమ ఆవిరియై బుడగలు పుట్టించును.

విరిగిన అతుకును చదువుటయు ఒక విద్యయే. విరిగిన ముఖము అద్దమువలె నున్నగా, పోగు ఒక్కటియు కనబడకుండ నున్నచో అక్కడ కలయికయే జరుగలేదని యర్థము. వేడి చాలలేదు, లేదా కాలము చాలలేదు. ముఖమంతయు చిరిగిన పోగులతో, ఒక పలక పొర రెండవ పలకకు అంటుకొని వచ్చియున్నచో అతుకు గెలిచినది, పలకయే ఓడినది. పరీక్షించువారు దీనినే కోరుదురు. ఏ అతుకైనను ఎన్నడో ఒకనాడు విరుగును. ఎక్కడ విరిగినదన్నదే లెక్క.

ఇన్ని లోపములున్నను ఈ యతుకులు ఆకాశమున ఎగురుచునే యున్నవి. హాలెండు దేశపు ఫోకర్ సంస్థ మొదట చక్రముల తలుపుల వంటి చిన్న భాగములతో ప్రారంభించి, 2005లో తొలిసారి ఎగిరిన ఎయిర్‌బస్ ఎ380 రెక్కల ముందంచులను గాజు పోగుల పీపీఎస్‌తో వెల్డింగు చేసెను. గల్ఫ్‌స్ట్రీమ్ జి650 తోక భాగములోని చుక్కానిని, ఎలివేటర్లను తీగచుట్ట పద్ధతిలో అతికిరి. ఇటీవల ఐరోపా దేశములు కలిసి 8 మీటర్ల పొడవు, సుమారు 4 మీటర్ల వ్యాసము గల విమాన దేహపు గొట్టమును రెండు సగములుగా చేసి, జర్మనీలోని ష్టాడె నగరమున ఆ సగములను వెల్డింగుతో కలిపిరి. ప్రయాణికులు కూర్చుండు గొట్టము వంటిదానినే అతుకుటకు మనుష్యుడు సాహసించెనన్న మాట. అది ఇంకను ప్రదర్శన నమూనాయే.

సాహసమని యనుటకు కారణము గలదు. 1988 ఏప్రిల్ 28న హవాయి దీవులపై 24,000 అడుగుల యెత్తున అలోహా సంస్థ బోయింగు 737 విమానపు పైకప్పు సుమారు 18 అడుగుల మేర ఊడిపోయెను. ఒక పరిచారిక గాలిలోనికి కొట్టుకొనిపోయి మరణించెను. విమానము ఎట్లో నేల చేరెను. అది లోహపు విమానమే, వెల్డింగు చేసినదియు కాదు. అయినను ఆ కథ అతుకు కథయే. ఒకదానిపై నొకటి పరచిన రేకుల నడుమ నున్న జిగురు కొంతకాలమునకు వదలెను. పైకి ఏమియు కనబడలేదు. జిగురు మోయవలసిన బరువు రివెట్లపై పడి, రంధ్రముల అంచులలో సన్నని పగుళ్ళు పుట్టి, 89,000కు పైగా ప్రయాణముల పిమ్మట అవన్నియు ఒకటిగా కలిసెను.

అతుకునందలి దొంగ యిదియే. శబ్దతరంగములను పంపి లోపలి బుడగను కనుగొనవచ్చును, ఖాళీని కనుగొనవచ్చును. రెండు ముఖములు గట్టిగా తాకియుండి, కలియకయున్నచో తరంగము అడ్డులేక దాటిపోవును. అది మంచి అతుకు వలెనే కనబడును. అందుచేతనే అమెరికా విమానయాన శాఖ 2009 నాటి తన సూచనలలో, ఊడినచో విమానమునే కూల్చగల అంటింపు అతుకునకు మూడింటిలో ఒక ఆధారము చూపుమనెను. ఊడుట కొంతమేర దాటి ప్రాకకుండ అడ్డుకట్ట లుండవలెను. లేదా తయారైన ప్రతి వస్తువును నిర్ణీత బరువుతో లాగి చూడవలెను. లేదా అతుకు బలమును నమ్మకముగా చెప్పగల పరీక్ష యుండవలెను. ఆ మూడవది నేటికిని సులభముగా దొరకుట లేదు. వెల్డింగు అతుకును చూచువారును ఈ ప్రశ్ననే వేయుదురు. అందువలన మొదటి రెండింటిపైననే ఆధారపడి, వెల్డింగు ప్రక్కనే అక్కడక్కడ రివెట్లను ఉంచువారును గలరు. రంధ్రము వలదని వెల్డింగునకు వచ్చి, నమ్మకము చాలక మరల రంధ్రము చేయుట నవ్వు పుట్టించు సంగతియే గాని, ప్రాణము వ్రేలాడు చోట నవ్వుటకు ఎవరికిని మనసు రాదు.

అతుకును నమ్మి ప్రాణమును వ్రేలాడదీయువారు ఖమ్మము సీమలోను గలరు. తాడిచెట్టు ఎక్కు గీతకార్మికునికి నేలకును మట్టకును నడుమ ఆధారము నడుమునకు చుట్టిన మోకు. పడి చనిపోయినవారు, నడుము విరిగి మంచము పట్టినవారు ఎందఱో. 2024 జూలైలో తెలంగాణ ప్రభుత్వము కాటమయ్య రక్షణ కవచమను పేర వారికి రక్షణ పరికరములు పంచుట ప్రారంభించినది. ఎత్తున పనిచేయువారు ధరించు ఇట్టి రక్షణ పట్టీలను నైలాను, పాలియెస్టరు వంటి లక్క జాతి నారతోనే నేయుదురు. అయినను బరువు మోయు అతుకును కరగించి కలుపరు. పట్టీపై పట్టీ పరచి దారముతో అటునిటు పలు వరుసలు కుట్టుదురు. కుట్టు దారము నారయే గనుక, హద్దు దాటి పోవును. పట్టీ కొనను కాల్చుట విచ్చుకొనకుండుటకు మాత్రమే.

చెట్టు మొదట నిలిచిన గీతకార్మికుడు పాదము నేల విడువకముందు మోకును చెట్టు చుట్టు త్రిప్పి, ముడిని కన్నార్పక చూచి, వెనుకకు వ్రాలి తన బరువంతయు దానిపై ఒక్కమారు మోపును. త్రాడు బిగియును. అప్పుడు మొదటి అడుగు వేయును.